పడమటి గాజు తలుపుకు తెర: లోపల కట్టాలా, బయట కట్టాలా?

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ ఒడిశా అంచున. సిరొంచ, బల్లార్‌షా, చంద్రపూర్, నాందేడ్ మహారాష్ట్ర అంచున. తెలుగు వినిపించే ఈ ఊళ్లలో ఇప్పుడు కట్టే ఇళ్లకు, హాలుకూ బాల్కనీకీ మధ్య గోడకు బదులు గాజు స్లైడింగ్ డోర్ పెట్టడం మామూలైంది. ఆరడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు, అల్యూమినియం గానీ యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్ గానీ ఫ్రేము. ఇల్లు చూడటానికి డిసెంబరులో వెళ్లినవాళ్లు ఆ వెలుతురు చూసి మురిసిపోతారు. ఏప్రిల్ వచ్చేసరికి కర్టెన్ల షాపుకు పరుగెడతారు. షాపులో అడిగే మొదటి ప్రశ్న, "ఏ రంగు చూపించమంటారు?"

రంగు, బట్ట, డిజైన్ అన్నీ మూడు ప్రశ్నల తర్వాత రావాల్సినవి. తలుపు ఏ దిక్కుకు ఉంది, గాజుకు బయట ఏమైనా వేలాడదీసే వీలుందా, ఇంటిని చల్లబరిచేది ఏసీయా, కూలరా, ఉత్త గాలేనా అన్నవి ముందు తేల్చుకోవాలి. కొనేవాళ్లలో ఎక్కువమంది ఈ వరుసను తలకిందులు చేస్తారు. వేలకు వేలు పోసి, వెలుతురు చొరనివ్వని బ్లాక్‌అవుట్ కర్టెన్లు కుట్టించాక కూడా సాయంత్రం హాలులో కూర్చోలేకపోవడానికి కారణం ఇక్కడే ఉంది.

ముందు దిక్కు సంగతి. పైన చెప్పిన ఊళ్లన్నీ దాదాపు ఒకే అడ్డగీత మీద, 18.7 నుంచి 20 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య ఉన్నాయి. కాబట్టి సూర్యుడి ఎత్తు, వంపు వీటికి ఇంచుమించు ఒకటే. మే మూడో వారం ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అక్కడి నుంచి జూలై ఆఖరు దాకా మిట్టమధ్యాహ్నం వేళ కాస్త ఉత్తరానికే ఉంటాడు. తెలుగువాళ్లు రోళ్లు పగులుతాయనే రోహిణి కార్తె, తూర్పు మహారాష్ట్రలోని విదర్భవాళ్లు భయపడే నవతపా అనే తొమ్మిది రోజుల మండుటెండ రెండూ మే 25 ప్రాంతంలో మొదలయ్యేవే. అంటే ఏడాదిలో అందరూ జడిసే ఆ రోజుల్లో దక్షిణపు తలుపు మీద మధ్యాహ్నం నేరుగా ఎండ పడదు. "దక్షిణం వైపు బాల్కనీ, కాలిపోతుంది" అని ఫ్లాటు వదులుకునేవాళ్లు అనవసరంగా వదులుకుంటున్నట్టే. దక్షిణపు తలుపులోకి ఎండ వచ్చేది చలికాలంలో, డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు 47 డిగ్రీల ఎత్తుకు దిగినప్పుడు. ఆ ఎండ వస్తే ఎవరికీ బాధ లేదు. రెండడుగుల సన్‌షేడ్ ఉంటే ఏప్రిల్ మధ్యాహ్నం తలుపంతా నీడలోనే ఉంటుంది. అక్కడ పల్చటి తెర ఒకటి కడితే చాలు, అంతకు మించిన ఖర్చు దండగ.

తూర్పు తలుపుకు పొద్దున్నే ఎండ తగులుతుంది. బరంపురంలో మే నెలలో ఐదుంపావు ప్రాంతానికే సూర్యుడు వచ్చేస్తాడు కాబట్టి నిద్ర చెడగొడతాడు గానీ, ఆ వేళకు గాలి ఇంకా వేడెక్కదు. తొమ్మిది, పది దాటాక ఎండ కప్పు మీదికి ఎక్కిపోతుంది. ఉత్తరపు తలుపుకు జూన్, జూలైల్లో ఉదయం, సాయంత్రం ఏటవాలుగా కాస్త తగులుతుంది, అంతే.

అసలు సమస్య పడమర. గాలి బాగా వేడెక్కి, గోడలు కాలి, కప్పు సెగ కక్కుతున్న మూడు నాలుగు గంటల వేళ, దానికి తోడు ఎండ అడ్డంగా లోపలికి వస్తుంది. మే నెలలో సాయంత్రం నాలుగుకు సూర్యుడు నేల నుంచి 34 డిగ్రీల ఎత్తున, ఐదుకు 20 డిగ్రీల ఎత్తున ఉంటాడు. తలుపు నెత్తినే రెండడుగుల సన్‌షేడ్ ఉందనుకుంటే, నాలుగింటికి దాని నీడ తలుపు మీద పదహారు అంగుళాల దాకానే దిగుతుంది. ఐదింటికి తొమ్మిది అంగుళాలు. మిగతా ఐదారడుగుల గాజు ఎండలోనే. నాలుగడుగుల బాల్కనీ, పైన ఇంకో అంతస్తు బాల్కనీ ఉన్నా పెద్ద తేడా ఉండదు. పై స్లాబు తలుపు కంటే రెండు రెండున్నర అడుగులు ఎత్తులో ఉంటుంది కాబట్టి నాలుగింటికి ఆ నీడ తలుపు పైఅంచుకు తగిలి ఆగిపోతుంది. పైన ఎంత చూరు పెంచినా పడమటి ఎండ దాని కిందినుంచి దూరి వస్తుంది. దాన్ని ఆపాలంటే నిలువుగా ఏదో ఒకటి అడ్డం దిగాల్సిందే. పైగా చంద్రపూర్‌లో సూర్యాస్తమయం బరంపురం కంటే 22 నిమిషాలు ఆలస్యం. గడియారం ఒకటే అయినా చంద్రపూర్‌వాళ్లకు సాయంత్రపు ఎండ ఇంకాస్త సాగుతుంది.

ఆ అడ్డం లోపల ఉండాలా, బయట ఉండాలా అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. మామూలు గాజు తన మీద పడిన ఎండ శక్తిలో ఇంచుమించు ఎనభై శాతాన్ని లోపలికి వదిలేస్తుంది. లోపలికి వచ్చిన ఎండ తెర బట్ట మీద పడి దాన్ని వేడెక్కిస్తుంది. వేడెక్కిన బట్ట వెదజల్లే సెగ వేరే రకం కిరణాలు. వాటిని గాజు బయటికి పోనివ్వదు. గాజుకూ తెరకూ మధ్య గాలి వేడెక్కి, తెర పైనుంచి గదిలోకి పొర్లుతుంది. గది చీకటిగా ఉంటుంది, కళ్లకు హాయిగా ఉంటుంది, వేడి మాత్రం లోపలే. బ్లాక్‌అవుట్ అన్న మాట వెలుతురుకు సంబంధించింది, వేడికి కాదు. అమ్మేవాళ్లు రెండూ ఒకటే అన్నట్టు చెబుతారు.

అమెరికా ఇంధన శాఖ ఇచ్చే అంకెలు చూస్తే తేడా తెలుస్తుంది. గాజు వైపు తెల్ల ప్లాస్టిక్ లైనింగ్ ఉన్న మరీ లేతా మరీ ముదురూ కాని రంగు కర్టెన్ కిటికీ ద్వారా వచ్చే వేడిని 33 శాతం తగ్గిస్తుంది. ఎండను బాగా తిప్పికొట్టే బ్లైండ్స్ (పలకల తెరలు) పూర్తిగా మూస్తే 45 శాతం దాకా. కిటికీకి బయట, పైన కట్టే గుడారపు గుడ్డ లాంటి చూరు పడమటి కిటికీకి 77 శాతం దాకా తగ్గించగలదు. అక్కడి ఇళ్లు వేరు, ఎండ వేరు, కాబట్టి అంకెలు యథాతథంగా ఇక్కడ అతకవు. కానీ లోపలి తెరకూ బయటి తెరకూ ఉన్న తేడా మాత్రం ఇక్కడైనా మారదు.

కరెంటు బిల్లు లెక్కలో చెప్పాలంటే: ఆరేడు అడుగుల తలుపులో ఫ్రేము పోగా గాజు మూడు చదరపు మీటర్ల పైచిలుకు ఉంటుంది. మే సాయంత్రం పడమటి నిలువు గోడ మీద చదరపు మీటరుకు సుమారు 600 వాట్ల ఎండ పడుతుందనుకుంటే, లోపలికి వచ్చేది ఒకటిన్నర కిలోవాట్లు. ఒక టన్ను ఏసీ తీసివేయగల వేడి మూడున్నర కిలోవాట్లు. అంటే ఆ ఏసీ పనిలో నలభై శాతానికి పైగా ఒక్క తలుపుకే సరిపోతుంది. ఏసీ చిన్నదైందని అనుకుని పెద్దది కొనేవాళ్లు ముందు ఈ లెక్క వేసుకుంటే మంచిది.

బయట కట్టడానికి ఖరీదైన వస్తువేమీ అక్కర్లేదు. వెదురు తడక, సన్నని వెదురు పుల్లలతో అల్లిన చిక్, షేడ్ నెట్, బయట వాడే రోలర్ బ్లైండ్ (పైకి చుట్టే తెర). ఎక్కడ కడుతున్నారన్నది ఏది కడుతున్నారన్న దానికంటే ముఖ్యం. గాజుకు ఆనించి కాదు, బాల్కనీ బయటి అంచున, పై స్లాబు నుంచి వేలాడదీయాలి. అప్పుడు తడక వేడెక్కినా ఆ వేడి గాలి బయటే పైకి పోతుంది. ఎంత కిందికి దిగాలన్నదానికీ లెక్క ఉంది. నాలుగడుగుల బాల్కనీకి మూడడుగుల ఇటుక పిట్టగోడ ఉంటే, తడక ఆ గోడ అంచు దాకా దిగితే చాలు. ఆ కింది నుంచి వచ్చే ఎండను పిట్టగోడే ఆపుతుంది. ఇనుప గ్రిల్లో గాజు రెయిలింగో ఉంటే తడక నేల దాకా రావాలి. అందం కోసం గాజు రెయిలింగ్ పెట్టించుకున్న పడమటి ఇళ్లు ఇక్కడ రెండోసారి డబ్బు కడతాయి.

షేడ్ నెట్ మీద రాసే 50, 75, 90 అన్నవి అది ఆపే వెలుతురు శాతాలు. యాభై మొక్కలకు సరిపోతుంది, ఇంటికి చాలదు. తొంభై గాలిని కూడా బాగా ఆపేస్తుంది. డెబ్బై ఐదు దగ్గర రాజీ కుదురుతుంది. ఆకుపచ్చ నెట్ కడితే హాలంతా పచ్చటి కాంతి పడి మనుషుల ముఖాలు జబ్బు చేసినట్టు కనిపిస్తాయన్నది నిజమే. నలుపు, బూడిద, ఇసుక రంగుల్లోనూ దొరుకుతాయి.

ఇక్కడి నుంచి రెండు అంచుల దారులు వేరవుతాయి. ఎండ ఒకటే, గాలి వేరు.

చంద్రపూర్, బల్లార్‌షా, రాజురా వైపు వేసవి పొడి. మే నెలలో 45 డిగ్రీలు దాటడం అక్కడ వింత కాదు. బయట వడగాడ్పు కాబట్టి పగలు గాలి లోపలికి రావాలని ఎవరూ కోరుకోరు. తలుపులు మూసి, కిటికీకి పెట్టిన కూలర్ వేస్తారు. కానీ కూలర్‌కు ఒక నియమం ఉంది. లోపలికి తోసిన తడి గాలి బయటికి పోయే దారి లేకపోతే గది ఉక్కపోతగా మారుతుంది. ఆ దారి చాలా ఇళ్లలో బాల్కనీ తలుపే, నాలుగైదు అంగుళాలు తెరిచి పెడతారు. అలాంటప్పుడు లోపల నేల దాకా దిగిన దట్టమైన కర్టెన్ గాలికి ఎగిరి, ఆ సందులో ఇరుక్కుని, దారిని మూసేస్తుంది. కూలర్ ఇంటికి బయటి తడకే సరైనది. లోపల ఏమైనా కట్టాలంటే తలుపు తెరిచే వైపు ఖాళీ వదిలేలా రెండు ముక్కలుగా ఉండాలి.

పొడి గాలిలో మాత్రమే పనిచేసే పాత పద్ధతి ఇంకొకటి ఉంది. తడిపిన వట్టివేళ్ల తడిక. నీరు ఆవిరవుతూ తనను తాకి వచ్చే గాలిని చల్లబరుస్తుంది, వాసన అదనం. కూలర్ గడ్డి చేసే పనే ఇది కూడా చేస్తుంది, మోటారు లేకుండా. చంద్రపూర్, సిరొంచలలో ఏప్రిల్, మే నెలల్లో ఇది బాగా నడుస్తుంది. అదే తడిక బరంపురంలో కడితే గోడకు బూజు తప్ప ఒరిగేదేమీ ఉండదు.

చంద్రపూర్‌లో వెదురుకు కొదవ లేదు. పక్కన గడ్చిరోలి అడవులు. చంద్రపూర్ దగ్గర చిచ్‌పల్లిలో వెదురు పరిశోధన, శిక్షణ కేంద్రమే ఉంది. చెప్పి అల్లించుకుంటే తలుపు కొలతకు చిక్ తయారవుతుంది. వెనుక ముదురు బట్ట కుట్టించడం మామూలే గానీ, బయట వాడేదానికి ఆ బట్ట వద్దు. గాలి ఆడదు, తొలకరి వానకే నాని చీకుతుంది. అక్కడ ఇంకో శత్రువు దుమ్ము. బొగ్గు గనులు, థర్మల్ కేంద్రం, సిమెంటు ఫ్యాక్టరీల మధ్య ఉన్న ఊళ్లు అవి. గదులు గదులుగా ఉండే హనీకోంబ్ (తేనెపట్టు) బ్లైండ్ వేడిని ఆపడంలో లోపలి తెరలన్నిటికంటే మెరుగు. సరిగ్గా బిగించిన చోట వేడిని 60 శాతం దాకా ఆపుతుందని అంటారు. కానీ ఆ గదుల్లో చేరిన నల్లదుమ్మును తీయడం ఎవరి తరమూ కాదు. అక్కడ తుడిస్తే పోయే రోలర్ బ్లైండ్, లేదా వాషింగ్ మెషీన్‌లో వేయగల మామూలు కాటన్ కర్టెన్ మేలు.

బరంపురం, పర్లాకిమిడి వైపు కష్టం వేరు. అక్కడ నలభై దాటకపోయినా చెమట ఆరదు. ఒంటికి గాలి తగలడమే చల్లదనం. గోపాల్‌పూర్ సముద్రం పదిహేను ఇరవై కిలోమీటర్ల లోపే ఉన్న బరంపురంలో మధ్యాహ్నం తర్వాత వచ్చే గాలిని ఆపే తెర, ఎంత ఖరీదైనదైనా, ఇంటికి చేటే. ఇళ్ల నిర్మాణానికి కేంద్రం 2018లో తెచ్చిన ఇకో నివాస్ సంహిత కూడా ఈ తేడాను గుర్తించింది. వేడి, తేమ ఉన్న ప్రాంతాల్లో తెరుచుకునే కిటికీ, తలుపుల వైశాల్యం ఇంటి లోపలి నేల వైశాల్యంలో కనీసం 16.66 శాతం ఉండాలంది. వేడి, పొడి ప్రాంతాలకు పది శాతం చాలంది. స్లైడింగ్ డోర్ ఈ లెక్కలో బలహీనమైనది. రెండు పలకల తలుపులో ఎప్పుడూ సగమే తెరుచుకుంటుంది. ఆ సగానికి దోమల మెష్, మెష్ మీద కర్టెన్ కూడా పడితే గాలి పేరుకే మిగులుతుంది.

కాబట్టి అక్కడ దట్టమైన పరదాకు బదులు, బాల్కనీ అంచున కాస్త ఎడంగా వదులుగా వేలాడే చిక్, లేదా వెలుతురును చీల్చి గాలిని వదిలే పలకల బ్లైండ్ పనికొస్తుంది. పలకలు నిలువుగా ఉండాలా, అడ్డంగా ఉండాలా? పడమటి ఎండకు నిలువు పలకలే. కిందికి దిగిన ఎండను అడ్డ పలకలతో ఆపాలంటే దాదాపు పూర్తిగా మూయాలి. నిలువు పలకలను ఎండకు పెడగా తిప్పితే ఇంకో పక్క నుంచి గాలి వస్తుంది. మే నెలలో సూర్యుడు సరిగ్గా పడమరన కాక ఇరవై డిగ్రీలు ఉత్తరానికి జరిగి అస్తమిస్తాడు కాబట్టి, దక్షిణం వైపు తెరుచుకున్న పలకలు ఎండను ఆపి దక్షిణపు గాలిని రానిస్తాయి. దక్షిణం, తూర్పు దిక్కుల బాల్కనీ ఉన్నవాళ్లకు ఈ బాధే లేదు. పల్చటి తెర ఒక్కటి చాలు.

తేమ గాలిలో లైనింగ్ కర్టెన్‌కు వానాకాలంలో బూజు పడుతుంది. లైనింగ్‌ను కర్టెన్‌కు కుట్టించకుండా హుక్కులతో విడిగా తగిలిస్తే జూన్ రాగానే తీసి దాచుకోవచ్చు. ఉప్పు గాలికి ఇనుప రాడ్లు, గొలుసులు తుప్పు పడతాయి. అల్యూమినియం, స్టెయిన్‌లెస్ స్టీల్, నైలాన్ తాడు కాస్త ఎక్కువ కాలం నిలుస్తాయి. అన్నిటికీ మించి తుపాను. పైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర దాటి గజపతి, గంజాం జిల్లాలను అతలాకుతలం చేసింది. అక్టోబరుకే పరిమితం అనుకోవడానికీ లేదు, ఫణి 2019 మే 3న, నడివేసవిలో పూరీ దగ్గర దాటింది. బయట కట్టేది ఏదైనా ఒక్క మనిషి పది నిమిషాల్లో విప్పి లోపల పెట్టగలిగేదై ఉండాలి. బోల్టులతో బిగించిన పెద్ద గుడ్డ చూరు ఆ తీరంలో గాలికి కట్టిన తెరచాపే.

బయట కట్టే వీలే లేని ఇళ్లూ ఉన్నాయి. సొసైటీ ఒప్పుకోకపోవచ్చు, బాల్కనీ లేకుండా నేరుగా గాజే బయటి గోడ కావచ్చు. అప్పుడు లోపలి తెరలో ఎంత వీలైతే అంత పిండుకోవాలి. గాజు వైపు తెల్లగా ఉండాలి, గది వైపు ఏ రంగైనా ఫర్వాలేదు. ఎండను తిరిగి గాజు గుండానే పంపడం ఒక్కటే లోపలి తెర చేయగల మంచి పని, ఆ పని తెలుపు చేసినట్టు ముదురు రంగు చేయలేదు. పైన పెల్మెట్ (కర్టెన్ రాడ్‌ను కప్పే పెట్టె) గానీ మూత గానీ ఉంటే వేడి గాలి గదిలోకి పొర్లడం తగ్గుతుంది. పక్కల గోడ మీదికి అరడుగైనా పొడిగించాలి. సన్‌స్క్రీన్ రోలర్ బట్టలకు ఒకటి, మూడు, ఐదు, పది శాతం అని ఉంటుంది. అది బట్టలోని రంధ్రాల వాటా. పడమరకు మూడు దాటొద్దు. ముదురు రంగు బట్టలోంచి బయటి దృశ్యం బాగా కనిపిస్తుంది, లేత రంగు వేడిని బాగా ఆపుతుంది. రెండూ కావాలంటే కుదరదు.

స్లైడింగ్ డోర్‌కు ఉన్న ఇబ్బందులు మామూలు కిటికీకి ఉండవు. అది దారి. బట్టలు ఆరేయడానికి, మొక్కలకు నీళ్లు పోయడానికి రోజుకు పదిసార్లు దాటుతారు. ఆరడుగుల ఒకే రోలర్ బ్లైండ్ వేయిస్తే ఒక్క మనిషి వెళ్లడానికి మొత్తం పైకి చుట్టాలి. చివరికి అది ఎప్పుడూ పైనే ఉండిపోతుంది. రెండు పలకలకు రెండు విడి బ్లైండ్లు వేయిస్తే తెరిచే వైపుది మాత్రమే ఎత్తితే చాలు. వర్టికల్ (నిలువు పలకల) బ్లైండ్, కర్టెన్ తలుపు జరిగే దిశలోనే జరుగుతాయి కాబట్టి అలవాటుకు సుఖం. కానీ అవి కుప్పగా చేరేది కదలని పలక వైపు ఉండాలని ముందే చెప్పాలి. చెప్పకపోతే బిగించేవాడు తనకు వీలైన వైపు పెట్టి పోతాడు. తలుపు పిడి ఎంత ముందుకు పొడుచుకొచ్చిందో కొలిచి, బ్రాకెట్ అంతకంటే ముందుకు ఉండేలా చూడాలి. లేకపోతే బ్లైండ్ దిగిన ప్రతిసారీ పిడికి రాసుకుని అంచు చిరుగుతుంది.

గాజుకు అంటించే సన్ కంట్రోల్ ఫిల్మ్ మధ్యే మార్గం. కార్ల ఫిల్మ్ మీద 2012లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గుర్తుండి, ఇంటికీ పనికిరాదేమో అని అడిగేవాళ్లున్నారు, అది వాహనాలకే. ఫిల్మ్‌లో రెండు రకాలు. ఎండను తిప్పికొట్టేవి, పీల్చుకునేవి. పీల్చుకునే నల్ల ఫిల్మ్ చవక, కానీ గాజే పెనంలా కాలి, పక్కన సోఫాలో కూర్చున్నవాళ్లకు సెగ కొడుతుంది. సగం ఎండలో, సగం నీడలో ఉండే మామూలు గాజుకు అలాంటి ఫిల్మ్ వేస్తే వేడి తేడాకు పగిలే ప్రమాదం కూడా ఉంది. వేడిచేసి గట్టిపరిచిన టఫెన్డ్ గాజు అయితే తట్టుకుంటుంది. తిప్పికొట్టే ఫిల్మ్ పగలు బయటివాళ్లకు అద్దంలా కనిపిస్తుంది. రాత్రి లోపల లైటు వేస్తే వ్యవహారం తిరగబడి ఇల్లంతా వీధికి కనిపిస్తుంది, కాబట్టి ఒక పల్చటి తెర ఎలాగూ తప్పదు. ఇల్లు ఇంకా కడుతున్నవాళ్లు గాజు ఎంచుకునేటప్పుడే ఎండ వేడిని తగ్గించే సోలార్ కంట్రోల్ గాజు అడిగితే ఫిల్మ్ గొడవ ఉండదు.

ఇక మిగిలినవి చిన్నవి. గొలుసు, తాడు లూపులు పసిపిల్లల మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది. ఎత్తున గోడకు క్లిప్పుతో బిగించి పెట్టాలి, మంచం గానీ సోఫా గానీ ఆ పక్కన ఉండకూడదు. ఫ్లాట్లలో బాల్కనీ బయటి రూపం మారిస్తే సొసైటీ అభ్యంతరం చెబుతుంది. ఒక్కొక్కరూ ఒక్కో రంగు నెట్ కట్టకముందే మీటింగులో ఒక రంగు ఖరారు చేసుకుంటే పేచీ ఉండదు. గనుల క్వార్టర్లలో, అద్దె ఇళ్లలో గోడకు డ్రిల్ వేయనివ్వని చోట బాల్కనీ గ్రిల్‌కే నైలాన్ తాడుతో షేడ్ నెట్ కట్టి, కింద రెండు మూలలకు బరువు వేలాడదీస్తే సరిపోతుంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు విప్పుకుని పోవచ్చు.